వేడిని చూసే గొట్టం

8 జనవరి 2012, ఆదివారం

నిన్న రాత్రి మా ఆయన బాలనర్సమ్మ పల్లిచేనులో మూడు తూటాలు కాల్చారు. ఒకటి ఆకాశానికి, ఒకటి బండకు, మూడోది బోరు స్టార్టరు డబ్బాకు తగిలాయి. పంది క్షేమం.

పొద్దున్నే బాలనర్సమ్మ వాకిట్లోకి వచ్చి డబ్బా మూత చూపించింది. మధ్యలో పిడికిలి పట్టేంత బొక్క.

"సాబూ, పందిని గొట్టమంటే కరెంటును గొట్టినవేంది?"

"పంది దాని ఎనకనే దాక్కున్నది" అన్నారు ఈయన, చాయ్ సాసరులో పోసుకుంటూ.

"పంది స్టార్టరు ఎనక దాక్కున్నదా? నీళ్లు పారిద్దామని అచ్చిందా ఏంది?"

ఈయన చాయ్ ఊదుకున్నారు.

నా దగ్గర లెక్క ఉంది. 2009లో తూటాలు పద్నాలుగు, పందులు తొమ్మిది. 2010లో పదిహేడు, ఆరు. 2011లో ఇరవై ఆరు, రెండు. ఆ రెండింటిలో ఒకదాన్ని మేడ్చల్ రోడ్డు మీద లారీ గుద్దింది. ఈయన వెళ్లి చచ్చినదాన్ని మళ్లీ కాల్చి వచ్చారు.

మన్నాన్ సాబ్‌కు డెబ్బై రెండేళ్లు. చీకట్లో కళ్లు కనిపించవు. ఈ వాక్యం ఈ ఇంట్లో పైకి అనకూడదు. సికింద్రాబాద్ డాక్టరు 2010లోనే చెప్పాడు: కంటి వెనక పొర జబ్బు, ఆపరేషన్ లేదు, పగలు కొంత, రాత్రి సున్నా. ఆ చీటీతో ఈయన తుపాకీ గొట్టం తుడిచారు. అటవీశాఖ వారి కాగితంలో పంటను పాడుచేసే పందులను కాల్చవచ్చునని ముగ్గురి పేర్లున్నాయి. మొదటి పేరు ఈయనది. ఆ పేరు ఉన్నంతవరకు తనకు కళ్లు ఉన్నట్టేనని ఈయన నమ్మకం.

ఈసారి డబ్బాకు తగిలింది. డబ్బా పక్కన మనిషి ఉంటే?

పల్లికాయ పీకేలోపల ఆ తుపాకీ ఈ ఇంట్లోంచి వెళ్లిపోవాలి. ఎలాగో తెలియదు. ఈ డైరీని తెలుగులో రాస్తున్నాను. ఈయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు.

11 జనవరి

ఒక తేడా కనిపించింది. మావాళ్లు పందిని ముట్టరు కాబట్టి మా మామగారి కాలం నుంచీ ఊరి రివాజు: పందికొక కోడి. కొట్టిన పంది అటవీశాఖ వాచరు సమక్షంలో గుంతలో పాతిపెట్టబడుతుంది. తెల్లారేసరికి గుంతలో ఉండదు. అది నా లెక్క కాదు. కోడి మాత్రం మా ఇంటికి వస్తుంది, అది నా లెక్క.

2011లో పందులు రెండు. కోళ్లు ఏడు.

పాత పుస్తకం నాలుగుసార్లు కూడాను. ఏడే.

12 జనవరి

ఈరోజు ఎనిమిదోది వచ్చింది. "రాంరెడ్డి ఇచ్చిండు, పోయిన వారం కొట్టినదానికి" అన్నారు. రివాజు ప్రకారం పుంజు ఇవ్వాలి. ఇది పెట్ట. కాళ్లకు నీలం రంగు ప్లాస్టిక్ పట్టీ ఉంది. మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఉన్న కోళ్ల దుకాణంవాడు కట్టే పట్టీ అది.

ఆ ఎండలో బస్సెక్కి వెళ్లి, కొని, సంచిలో దాచి, ఊరి మొదట్లో సంచి తీసేసి, చేత్తో పట్టుకుని నడిచి వచ్చారన్నమాట.

అడగలేదు. వండాను. రుచి బాగానే ఉంది.

15 జనవరి, ఆదివారం

మనవరాలు నజ్‌నీన్ దుండిగల్ కాలేజీ నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. విషయం చెప్పాను, కోడి సంగతి తప్ప.

"దాదీ, దాదా దగ్గర తుపాకీ గుంజుకుంటే ఆయన ఊకుంటడా? మెషిన్ తెప్పిద్దాం. రాత్రి చూసే మెషిన్. దాంట్ల గూడ కనవడకపోతే ఆయనకే సమజయితది."

ఈ పిల్లకు మెకానిక్స్‌లో సప్లిమెంటరీ వచ్చింది గాని బుద్ధి ఉంది. పరీక్ష పెట్టాలి. ఫెయిల్ అయినవాడు తనంతట తానే ఒప్పుకోవాలి. ముప్పై ఎనిమిదేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఈ పద్ధతి నాకే తట్టి ఉండాల్సింది.

22 జనవరి, ఆదివారం

వాళ్ల కాలేజీలో కెమెరాలు బిగించిన ఫణిభూషణ్ అనే అబ్బాయి వచ్చాడు. తణుకు వాళ్లట. జీడిమెట్లలో ఫ్యాక్టరీల కాపలాకు ఇలాంటి సామాను చూపించి ఆర్డర్లు పట్టడం అతని ఉద్యోగం. రెండు పెట్టెలు తెచ్చాడు. ఒక్కోటి పదిహేను రోజులు వాడి చూసి, ఏది బాగుందో రాసి ఇస్తే చాలు, అద్దె వద్దన్నాడు.

"మొదటిది నైట్ విజనండీ. ఉన్న కాస్త వెలుతురునీ, చుక్కల వెలుగైనా సరే, వేల రెట్లు పెంచి చూపిస్తుందండీ. రెండోది థర్మలండీ. దీనికి వెలుతురే అక్కర్లేదు. వేడిని చూస్తుందండీ."

"వేడిని ఎవరూ చూడలేరు బాబూ. పరారుణ వికిరణాన్ని గ్రహిస్తుంది అను."

"అదేనండీ."

"అదే అయితే అదే అను."

అన్నాడు. రెండుసార్లు.

"తుపాకి మీద పెడ్తరా?" ఈయన ఆశగా అడిగారు.

"అమ్మో, లేదండీ. పోలీసులు ఊరుకోరు. చేత్తో పట్టుకుని చూసేదేనండీ."

"ఒక చేతిల గొట్టం, ఒక చేతిల తుపాకి. మీసం ఏ చేతితోని దువ్వాలె ఫణి సాబ్?"

థర్మల్ ధర చెప్పాడు. నా ఏడాది పెన్షన్. ఈయన దాన్ని పసిపిల్లను దించినట్టు మంచం మీద దించారు. ముందు నైట్ విజన్‌తో మొదలు.

23 జనవరి

అమావాస్య. మిద్దె మీద మొదటి పరీక్ష. పరీక్షాధికారి నేను.

"ఏం కనిపిస్తోంది?"

"మస్తు కనవడుతుంది. అంతా పచ్చగ. హరా భరా. కమాల్ హై."

"కొట్టం దగ్గర ఏముంది?"

కొంచెం సేపు తిప్పి చూశారు. "బర్రె. బాగ బలిసిన బర్రె."

"నేనండీ" అన్నాడు ఫణిభూషణ్ కొట్టం దగ్గర్నుంచి. పరికరం వాడటం నేర్పడానికి వచ్చాడు; బండి తాళం పడిపోతే వెతుక్కుంటున్నాడు.

పదికి సున్నా.

26 జనవరి

ఈరోజు గంటన్నర చూసి మెచ్చుకున్నారు. మూత తీయలేదు.

1 ఫిబ్రవరి

నైట్ విజన్ గురించి నా అభిప్రాయం. బొమ్మ ఆకుపచ్చగా, నీళ్లలో చూసినట్టు ఉంటుంది. జంతువు కళ్లు నాణేల్లా మెరుస్తాయి, అది బాగుంది. కాని కొత్త వెంచరువాళ్లు అమ్ముడుపోని ప్లాట్లకు కూడా రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వేస్తున్నారు. గొట్టం అటు తిరిగితే బొమ్మంతా తెల్లబడిపోతుంది. పైగా బాలనర్సమ్మ పందులు బెదురుతాయని చేను చుట్టూ కట్టిన పాత చీరలు గాలికి ఊగితే ఒక్కోటి ఒక్కో పందిలా ఉంటుంది. మామూలు కళ్లున్న నాకే అలా ఉంది.

ఈయనకు ఇప్పటివరకు మొత్తం మార్కులు: నలభైకి మూడు. ఆ మూడూ చంద్రుణ్ని గుర్తుపట్టినందుకు.

ఇప్పుడు ఆపేయమని చెప్పవచ్చు. కాని రెండో పరికరం ఉండగా పరీక్ష మధ్యలో ఆపడం న్యాయం కాదు.

6 ఫిబ్రవరి

థర్మల్ తీశాను. పరీక్షకు ముందు పరికరాన్ని పరీక్షాధికారి సరిచూడాలి కదా.

తెలుపు వేడి, నలుపు చల్లన. కొట్టంలో బర్రె తెల్లగా దీపంలా నిలబడింది. గోడ మీద బల్లి నల్లగా పాకింది. ఈయన చాయ్ తాగి పెట్టిన గ్లాసు మంచం కింద చంద్రుడిలా ఉంది. గోడకు అరచెయ్యి ఆనించి తీశాను. నా చెయ్యి గోడ మీదే ఉండిపోయింది, వేళ్లతో సహా, కొన్ని క్షణాలు. తర్వాత మెల్లగా కరిగిపోయింది.

ఇంకోసారి ఆనించాను. పదకొండుసార్లు ఆనించాను. సరిచూడటం కోసమే.

8 ఫిబ్రవరి

ఒక లోపం: ఈ ఊరి బండలు. పగలంతా ఎండకు కాగి రాత్రి పదకొండు దాకా వేడి వదలవు. చేను గట్టు మీద బండలన్నీ పందుల్లా తెల్లగా పడుకుని ఉంటాయి. పదకొండు దాటాక చల్లబడతాయి. అప్పుడు మిగిలిన తెలుపే ప్రాణం ఉన్నది. ఈ సంగతి ఫణిభూషణ్ ఇచ్చిన కరపత్రంలో లేదు. నా రిపోర్టులో ఉంటుంది.

ఈయనకు మార్కులు: పదికి ఒకటిన్నర. తెల్లగా ఏదో కదిలిందని అన్నారు. ఏది అంటే "జాన్వర్" అన్నారు. నజ్‌నీన్ దుపట్టా విదిలిస్తోంది.

బ్యాటరీలు నాలుగు ఖర్చయ్యాయి. ఈయన వాడింది ఒకటి.

10 ఫిబ్రవరి

బాలనర్సమ్మ వచ్చింది. రాత్రి నాలుగు సాళ్లు తవ్విపోయాయట. మంగలి దుకాణంలోంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లింది, పందుల ముక్కుల్లోకి పోయి పారిపోతాయని.

"పోయినయా?" అని అడిగాను.

"యాడ పోయినయ్ టీచరమ్మా! ఊళ్లె మొగోళ్ల బొచ్చు వేస్టయింది గని."

ఎకరన్నర చేను, మొగుడు లేడు, బావి అప్పు ఉంది. ఈయన అరుగు మీద తుపాకీ తుడుస్తూ అంతా విన్నారు. ఆవిడ పోయాక నూనె గుడ్డ కింద పెట్టి అన్నారు:

"నువ్వు జూస్తవ్ గద ఆ గొట్టంలకెల్లి. నువ్వు జెప్పు. నేను గొడ్త."

వెంటనే వద్దు అనాలి. నేను ఇంత ప్రయత్నం చేస్తున్నది దేనికోసం?

రేపు ఆలోచించి చెప్తానన్నాను.

11 ఫిబ్రవరి

ఆలోచించాను. ఈయన ఒంటరిగా వెళ్తే ప్రమాదం. నేను వెంట ఉంటే భద్రత. భద్రత కోసమే వెళ్తున్నాను.

12 ఫిబ్రవరి, ఆదివారం

వాకిట్లో ముగ్గుపిండితో పెద్ద కోణమానిని గీశాను. ఈయనను మధ్యలో నిలబెట్టి ఖాళీ తుపాకీ ఇచ్చి తర్ఫీదు. "ఎడమకు ముప్పై" అంటే ఎంత తిరగాలి, "కుడికి పది" అంటే ఎంత. నలభై ఏడేళ్ల కాపురంలో నా పాఠం ఒకటి పూర్తిగా విన్నది ఇదే మొదటిసారి.

"గింత చిన్నగ తిరుగుడు బరాత్‌ల గూడ తిరగలే" అన్నారు. నవ్వకుండా ఉండటం కష్టమైంది. ఉన్నాను.

సాయంత్రానికి రెండు డిగ్రీలకు మించి తప్పడం లేదు. పాతికకు ఇరవై మూడు.

17 ఫిబ్రవరి

కొట్టాం.

రాత్రి పదకొండున్నరకు బండలు చల్లబడ్డాయి. చేను చివర తెల్లని ముద్ద ఒకటి, దాని వెనక చిన్నవి రెండు. ఈయన భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పాను: ఎడమకు ముప్పై, పాతిక అడుగుల దూరం. తిరిగారు. తుపాకీ గొట్టం కింద కట్టిన టార్చి ఒక్క క్షణం వెలిగింది, రెండు కళ్లు మెరిశాయి, కాల్చారు. ఒక తూటా, ఒక పంది.

ఆ చప్పుడుకు నా పళ్ల సెట్టు కదిలింది. భయం వేయలేదు. ఏం వేసిందో రాయడానికి మాట తెలియడం లేదు.

పొద్దున వాచరు వచ్చి పంచనామా రాశాడు. బాలనర్సమ్మ పుంజును తెచ్చింది, ఎర్రది, ముల్లున్నది, దారిపొడవునా కొక్కొరొకో అంటూనే ఉన్నది. ఈయన దాన్ని చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చారు. కోయనివ్వలేదు.

18 ఫిబ్రవరి

పిన్ని కూతురు మెహ్జబీన్ ఫోన్ చేసి అడిగింది: "ఈ వయసుల అడివిల తిరుగుడు ఏంది అక్కా?"

అడివి కాదు, పల్లిచేను అన్నాను. భద్రత కోసం అన్నాను.

20 ఫిబ్రవరి

నిన్న తప్పిపోయింది. నేను చెప్పిన డిగ్రీలు సరిగ్గా ఉన్నాయి, ఈయన తిరగడమూ సరిగ్గా ఉంది. టార్చి వెలగగానే పంది దూకేసింది. తప్పు టార్చిది. ఆలోచిస్తే టార్చితో పనేముంది? దిశ నేను చెప్తాను, దూరం నేను చెప్తాను. టార్చి వెలిగించడం అంటే పందికి నోటీసు ఇవ్వడమే.

ఇది చెప్తే ఈయన ఒప్పుకోలేదు.

"సూడకుంట ఎట్ల గొడ్త? మా నాయిన జెప్పిండు, కండ్లతోని జూసినంకనే ఏలు కదపాలె అని."

"ఇప్పుడు మీరు చూసి కొడుతున్నారా?"

అనేశాను.

21 ఫిబ్రవరి

మాట్లాడుకోవడం లేదు. పుంజు ఒక్కటే మాట్లాడుతోంది.

22 ఫిబ్రవరి

మధ్యాహ్నం అన్నం తింటూ కంచంలోకి చూస్తూ అన్నారు: "సరే. కండ్లు నీవి, చేతులు నావి. టార్చి నక్కో."

గెలిచాను. ఈ రాత్రి వెళ్తున్నాం.

23 ఫిబ్రవరి

నిన్న రాత్రి ఏమీ జరగలేదు. తూటాలు సున్నా, పందులు సున్నా.

24 ఫిబ్రవరి

22న ఏమీ జరగలేదు.

థర్మల్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. బ్యాటరీలు తీసేశాను.

26 ఫిబ్రవరి, ఆదివారం

రాయాలి. పిల్లలు తప్పు చేస్తే వందసార్లు రాయించేదాన్ని. నేను ఒక్కసారి రాస్తే చాలు.

22 రాత్రి పదకొండుంపావుకు చేను గట్టు కింద కూర్చున్నాం. చంద్రుడు లేడు. చలి. బండలు అప్పటికే నల్లబడ్డాయి. పదకొండు నలభైకి పల్లిసాళ్ల మధ్యలో తెల్లని ముద్ద ఒకటి కనిపించింది. గుండ్రంగా, నేలకు జానెడు ఎత్తులో, కదలకుండా. తల కనిపించలేదు. పంది తల నేలలో దూర్చి తవ్వుతుంటే ఇలాగే వెనకభాగం ఒక్కటే కనిపిస్తుందని అనుకున్నాను. అనుకోవడం కాదు, నాకు తెలుసు అన్నట్టే ఉంది.

"పంది. కుడికి పది. ఇరవై అడుగులు. కొట్టండి."

ఈయన తిరిగారు. సరిగ్గా పది. కొట్టలేదు.

"కొట్టండి జీ."

"సప్పుడేది?" అన్నారు.

"ఏం చప్పుడు?"

"పంది పల్లికాయ నములుతే పచపచ సప్పుడయితది. మట్టి లేస్తది, ముక్కుతోని బుస్సుమంటది. గిది ఏం జేస్తలేదు. ఊకనే కూసున్నది. పంది ఊకనే ఎందుకు కూసుంటది?"

నేను ఈయన చెవిలో ఏమన్నానో అక్షరం వదలకుండా రాస్తున్నాను: "కనిపిస్తున్నది నాకు. తెలియని సబ్జెక్టులో మాట్లాడకండి. కొట్టండి."

ఈయన వేలు తుపాకీ మీట మీదే ఉంది. నా చెయ్యి ఈయన భుజం మీద ఉంది కాబట్టి నాకు తెలుసు. ఊపిరి బిగబట్టి వింటున్నారు. నేను మూడోసారి "కొట్టండి" అన్నాను.

అప్పుడు ఆ ముద్ద లేచి నిలబడింది. రెండు కాళ్ల మీద. నల్లని చెంబు ఒకటి ఒంపుకుంది. దగ్గింది.

బాలనర్సమ్మ దగ్గు.

చీర సర్దుకుని, గొంగడి మీదికి లాక్కుని, గట్టెక్కి ఇంటివైపు వెళ్లిపోయింది. ఆవిడ కూర్చున్నచోట చిన్న తెల్లని మచ్చ ఒకటి మిగిలింది. అది చల్లారే దాకా చూస్తూనే ఉన్నాను. చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

గొంగడి ఉన్ని. ఉన్ని వేడిని ఆపుతుంది. అందుకే తల, భుజాలు, వీపు ఏవీ పరికరంలో వెలగలేదు. కప్పుకోని భాగం ఒక్కటే వెలిగింది. ఉష్ణ బంధకాలు, తొమ్మిదో తరగతి, ఐదో పాఠం. ఉదాహరణకు గొంగడి అని పిల్లల చేత నేనే రాయించేదాన్ని.

ఈయన తుపాకీ మడిచి తూటాలు బయటికి తీసి నా చేతిలో పెట్టారు. లోహం చల్లగా ఉంది.  దారి ఈయనకు కనిపించదు, ఆ రాత్రి నాకూ కనిపించలేదు. నా మణికట్టు పట్టుకుని ఈయనే కాలితో గట్టు తడుముకుంటూ నడిపించుకొచ్చారు.

27 ఫిబ్రవరి

ఈయన నన్ను ఒక్క మాటా అనలేదు. అది భరించలేక నేనే అడిగాను, నా తప్పు గురించి ఏమీ అనరేమని.

"ఏమంట? నాకు కండ్లు లెవ్వు గనక ఇన్న. ఉంటే నేను గూడ జూసి గొట్టేటోన్ని."

రెండేళ్లలో ఈయన నోట ఆ వాక్యం మొదటిసారి. నేను పెట్టిన పరీక్షలు ఏవీ పలికించలేదు.

29 ఫిబ్రవరి

పొద్దున ఎనిమిది గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో శామీర్‌పేట పోలీస్ స్టేషనుకు వెళ్లారు. నన్ను రావద్దన్నారు. పదకొండింటికి రసీదుతో వచ్చారు. అటవీశాఖ కాగితంలోంచి పేరు తీసేయమని అర్జీ కూడా రాయించారు. ఉర్దూలో సంతకం.

"రైటర్ అడిగిండు, 'ఏంది పెద్దాయనా, షికారు బందా?' అని. 'నా బేగం కండ్లు పోయినయ్' అన్న."

జనవరి 8న నేను కోరుకున్నది ఇదే. తుపాకీ ఇంట్లో లేదు. గోడ మీద అది ఉన్నచోట సున్నం తెల్లగా ఉంది. సంతోషం రావడం లేదు. వచ్చిందని రాద్దామని రెండుసార్లు కలం పెట్టాను.

1 మార్చి

ఫణిభూషణ్ వచ్చి పెట్టెలు రెండూ తీసుకున్నాడు. ఏడు పేజీల రిపోర్టు ఇచ్చాను.

"ఇంతకీ ఏది బెస్టని చెప్పమంటారండీ మేడమ్ గారూ?"

"థర్మల్. గొంగడి కప్పుకునే ఊళ్లో అమ్మకు."

"అదేంటండీ?"

"ఆరో పేజీ చదువు."

ఆరో పేజీలో అంతా రాశాను, పేర్లు లేకుండా. అరుగు మీద నిలబడే చదివాడు. మొహం ఎర్రబడింది. వెళ్తూ ఈయనకు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఈయనకు కనిపించింది. పగలు కదా.

2 మార్చి

బాలనర్సమ్మకు ఇంకా తెలియదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే ఊరంతా తెలుస్తుంది. నలుగురు సర్పంచులకు పాఠాలు చెప్పినదాన్ని. రేపు చూద్దాం.

3 మార్చి

వెళ్లాను. ఆవిడ గట్టు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. ఎదురుగా నిలబడి, తప్పు చేసిన పిల్లలా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మూడుసార్లు కొట్టండి అన్నానని కూడా.

చాట ఆగిపోయింది.

"నన్ను సంపుమన్నవా టీచరమ్మా?"

"అన్నాను."

"సాబు కొట్టలే?"

"కొట్టలేదు."

ఆవిడ చాటలోంచి ఒక రాయి ఏరి దూరంగా విసిరింది. నాకు తగులుతుందేమో అనుకున్నాను.

"సాబుకు కండ్లు గనవడ్తలేవని ఊరంత ఎరుకే. ఆ ఒక్కటి దప్ప మీరిద్దరు ఇగ ఏం గొట్టరని నా చేను నేనే కాసుకుందామని అచ్చిన. కడుపుల మంచిగ లేకుండె, కూసున్న. గంత సదువుకోని నా ముడ్డిని జూసి పందనుకున్నవా?"

"అనుకున్నాను."

"గా మిషన్ల ఎట్ల గనవడ్డది?"

అబద్ధం చెప్పే అలవాటు లేదు. "తెల్లగా. చాలా తెల్లగా."

"ఇగో! నా పెండ్లప్పుడు గూడ ఎవ్వలు తెల్లగున్ననలే" అని ఒక్కసారిగా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. ఆ దగ్గు వింటూ గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు ఏడ్చాను. ఆవిడ కొంగు ఇవ్వలేదు. చాట ఇచ్చింది.

"ఏడ్సుడు తర్వాత. గా మూల పప్పు చెరుగు. పల్లికాయ పీకేదాక పది దినాలున్నయ్. తుపాకి లేకపాయె. ఇద్దరు అచ్చి మంచె మీద కూసోని డబ్బ కొట్టుండ్రి. గదే మీకు జుర్మానా."

5 మార్చి

మంచె మీద రెండో రాత్రి. నిచ్చెన ఎక్కడానికి నాకు ఏడు నిమిషాలు, ఈయనకు మూడు. వెన్నెల బాగా ఉంది, అయినా జామాయిల్ తోపులోకి నా చూపు పోలేదు. ఈయన కళ్లు మూసుకుని కూర్చున్నారు.

పన్నెండు దాటాక అన్నారు: "తోపు దిక్కు. నాలుగున్నయ్. ఒకటి కుంటుతుంది."

నూనె డబ్బా కర్రతో కొట్టాను. ఆగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పచపచ మొదలైంది, నాకూ వినిపించింది.

"డబ్బకు అలవాటు వడ్డయ్ టీచరమ్మా!" కింద నులకమంచం మీద నుంచి బాలనర్సమ్మ అరిచింది. "తిట్టాలె! పందులకు తిట్లే సమజయితయ్!"

"పొండి! బయటికి పొండి!" అన్నాను, తరగతిలో అన్నట్టు.

ఒక్కటీ కదలలేదు. కింద బాలనర్సమ్మ నవ్వు. పక్కన ఈయన మంచె కర్ర పట్టుకుని నవ్వకుండా ఉండాలని చూస్తున్నారు.

అప్పుడు నేను లేచి నిలబడి ఒక మాట అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో, నలభై ఏడేళ్ల కాపురంలో ఎవరినీ అనని మాట. స్కూలు మరుగుదొడ్డి గోడ మీద చదివి, రాసినవాణ్ని రెండు రోజులు ఎండలో నిలబెట్టిన మాట. అది ఇక్కడ రాయను.

తోపులో చప్పుడు ఆగిపోయింది. తర్వాత నాలుగు జంతువులు వెనక్కి తిరిగి ఎండుటాకుల మీద పరుగెత్తాయి. ఒకటి కుంటుతోంది. నిజమే, వినిపిస్తుంది.

ఈయన కళ్లు తెరిచి నా వైపు తిరిగారు. కనిపిస్తున్నట్టే చూశారు.

"ఇంకోసారి అను" అన్నారు.

అన్నాను.